చూపుకూ ఒక వరుస ఉంటుంది

ఆమె మాట్లాడుతూ జుట్టు సవరించుకుంటే ఇష్టం ఉన్నట్టు. చేతులు కట్టుకుని నిలబడితే లేనట్టు. పాదం ఎటు తిరిగి ఉంటే మనసు అటు ఉన్నట్టు. ఆదిలాబాద్ బస్టాండులో ఫోను చూస్తూ కూర్చున్న కుర్రాళ్లకు ఇలాంటి సూత్రాలు నోటికి వచ్చు. నిమిషం నిడివి వీడియోల్లోనూ, వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లోనూ తిరిగేది ఇదే సరుకు. ఆకర్షణకు ఒంటి భాష ఉందా, ఉంటే దాన్ని చదవగలమా అన్న ప్రశ్న మాత్రం చాలా పాతది. నాట్యశాస్త్రకారులు దానికి ఒక జవాబు చెప్పారు, ఊళ్లు తిరిగిన మానవశాస్త్రజ్ఞులు ఇంకొకటి చెప్పారు, ప్రయోగశాలల్లోని మనస్తత్వవేత్తలు మరొకటి చెప్పారు. వీటన్నిటినీ ఉత్తర తెలంగాణలో నిలబడి చదివితే నాకు తేలిందిది: ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారు, ఏ చోట ఉన్నారు అన్నది తెలియకుండా ఏ సైగకూ అర్థం చెప్పలేం.

జాబితాలు రాయడం మనకు కొత్తేమీ కాదు. భరతుడి నాట్యశాస్త్రం 36 రకాల చూపులను వేరుచేసి చెప్పింది. సాత్త్విక భావాలు 8 అంది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, ఒళ్లు జలదరించడం, గొంతు మారిపోవడం, వణకడం, మొహం రంగు మారడం, కళ్ల నీళ్లు తిరగడం, సొమ్మసిల్లడం అన్నమాట. మనసు లగ్నం కాకపోతే నటుడు వీటిని తెచ్చిపెట్టుకోలేడని భరతుడు గుర్తించాడు. మన ఇష్టాయిష్టాలతో పని లేకుండా చెమటనూ గుండె వేగాన్నీ నడిపే నాడీవ్యవస్థ ఒకటుందని వైద్యులు కనిపెట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందటి గమనింపు ఇది. అయితే వీడియోలవాళ్లు వదిలేసే ముక్కను భరతుడు వదల్లేదు. చెమట కోపానికీ పడుతుంది, భయానికీ పడుతుంది, సిగ్గుకూ అలసటకూ పడుతుంది. వణుకు చలికి కూడా వస్తుంది. ఒక్కో సాత్త్వికానికి అన్నేసి కారణాలు ఆయనే చెప్పాడు. కథ తెలిసిన ప్రేక్షకుడికే అది దేనికి పుట్టిందో తెలుస్తుంది. కాకతీయ గణపతిదేవుని దగ్గర గజసేనను నడిపిన జాయప సేనాని 1253-54లో నృత్తరత్నావళి రాస్తూ ఈ శాస్త్రానికి దేశి నృత్యాలను కూడా జోడించాడు. ఓరుగల్లు చుట్టుపక్కల ఒంటి భాష మీద ఆలోచన అంత ముందునుంచీ ఉంది.

వాత్స్యాయనుడు ఇంకాస్త సూటిగా వెళ్లాడు. కన్య మనసు తెలిపే గుర్తులకు కామసూత్రంలో వేరే చోటు కేటాయించాడు. అతను చూడనప్పుడు చూస్తుంది, చూస్తే తల దించుకుంటుంది. అడిగినదానికి సగం సగం మాటలతో, నవ్వుతూ జవాబిస్తుంది. అతని కళ్లముందు ఎవరి పసిపిల్లనో ఎత్తుకుని ముద్దాడుతుంది. ఈ చివరి గుర్తు ఇవాళ్టి పెళ్లి పందిళ్లలో కూడా కనబడుతుందని ఒప్పుకోవాలి. కాకపోతే ఈ పుస్తకం మగవాడి పక్కన కూర్చుని రాసింది. ఆ పిల్ల తన వైపు నుంచి ఏం చదువుకుంటోందో అందులో లేదు.

వీటన్నిటికంటే నాకు నమ్మదగిన సాక్షి గాథాసప్తశతి. శాతవాహన రాజు హాలుని పేరిట నిలిచిన 700 ప్రాకృత గాథలవి. జగిత్యాల జిల్లాలో గోదావరితో పెద్దవాగు కలిసే చోట ఉన్న కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు దొరికాయి. కరీంనగర్‌లోని విశ్వవిద్యాలయానికీ ఆ వంశం పేరే పెట్టుకున్నాం. గాథల్లో గోదావరి మాటిమాటికీ వస్తుంది. ఆ కవులు చూసింది రాజుల అంతఃపురాలను కాదు, పంటచేలనూ రేవులనూ. వాటిలో ఒక గాథ చాలామందికి తెలిసిందే. దప్పికగొన్న బాటసారి దోసిలి పట్టి, కళ్లు పైకెత్తి చూస్తూ, నీళ్లు కారిపోయేలా వేళ్లు ఎడం చేస్తాడు. చలివేంద్రం దగ్గరి పిల్ల నీటిధారను అంతకంతకూ సన్నం చేస్తుంది.

ఆకర్షణ మీద ఆధునిక పరిశోధన చెప్పే ముఖ్యమైన సంగతులు ఈ చిన్న దృశ్యంలో చాలావరకు ఉన్నాయి. ఇద్దరికీ సాకు ఉంది: అతను నీళ్లు తాగుతున్నాడు, ఆమె పోస్తోంది. ఎవరైనా నిలదీస్తే ఇద్దరూ తప్పించుకోవచ్చు. అతను వేళ్లు ఎడం చేసినందుకు ఆమె ధార సన్నబడింది. ఆమె ధార తగ్గించింది కాబట్టి అతను ఇంకా ఆగాడు. అతని వేళ్ల వైపు మాత్రమే చూసినవాడికి ఏమీ తెలియదు, ఆమె చెంబు వైపు మాత్రమే చూసినవాడికీ తెలియదు. పైగా ఆట ఎప్పుడు ముగించాలన్నది ఇద్దరి చేతుల్లోనూ ఉంది. ఆమె చెంబు వంచేస్తే అయిపోయింది.

సాకు ఎంత అవసరమో వరుస అంత అవసరం. మన వైపు పెళ్లిలో బావ మీద మరదలు పసుపునీళ్లు కుమ్మరిస్తుంది. అతను ఆమె జడ లాగుతాడు. పెద్దవాళ్లు నవ్వుకుంటారు. అదే పని వరుస కాని వాడు చేస్తే పంచాయితీ అవుతుంది. అన్న వరుస వాడు చేస్తే ఊరే ఊరుకోదు. ఎ. ఆర్. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రజ్ఞుడు పరిహాసపు బంధుత్వాల మీద 1940లో ఒక వ్యాసం రాశాడు. కొన్ని వరుసల్లో ఒకరు ఆటపట్టించవచ్చు, కొన్నిచోట్ల పట్టించి తీరాలి, రెండోవారు కోపం తెచ్చుకోకూడదు అన్నది దాని సారం. మేనరికాలున్న మన సమాజంలో ఆ ఆటకు ఇంకో కోణం ఉంది. ఆటపట్టించేవాడే రేపు మొగుడు కావచ్చు. అందుకే బావామరదళ్ల సరసంలో ఏది ఉత్త ఆటో, ఏది మనసో చుట్టూ ఉన్నవాళ్లకే కాదు, ఒక్కోసారి వాళ్లిద్దరికీ కూడా తేలదు. ఇది మరీ తీపి జ్ఞాపకంగా చెప్పుకోవలసిన సంగతి కూడా కాదు. ఆ వరుస చాటున ఇష్టం లేని చనువును నోరుమూసుకుని భరించిన ఆడపిల్లలు ప్రతి ఇంటి చరిత్రలోనూ ఉన్నారు.

ఆదిలాబాద్ అడవుల్లో ఈ వరుసల లెక్క ఇంకా గట్టిది. రాజ్ గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు అనే వంశ సమూహాలుగా ఉంటారు. ఒకే సగలో అందరూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. పెళ్లి వేరే సగతోనే. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ 1941 నుంచి వీళ్ల మధ్య గడిపి, 1948లో ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద పుస్తకం ప్రచురించాడు. ఆయనా, భార్య బెట్టీ ఉన్న మార్లవాయి ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనక రాజుదీ ఆ ఊరే.

దీపావళి రోజుల్లో దండారి నృత్య బృందం మరో ఊరికి అతిథిగా వెళుతుంది. నెమలి ఈకల తలపాగాలతో, ఒంటినిండా బూడిదతో గుస్సాడీలు, ఆడవేషం కట్టిన పోరిక్‌లు, గుమేల, పర్ర మోగించేవాళ్లు కలిసి వెళతారు. ఆతిథ్యం ఇచ్చే ఊరు కాళ్లు కడిగి, భోజనాలు పెట్టి, రాత్రంతా వాళ్లతో గడుపుతుంది. వియ్యమందగల సగలు ఒకచోట కూడే సందర్భం కాబట్టి సంబంధాల మాటలు కూడా అక్కడే మొదలవుతాయి. ఆటలో ఎవరు ఎవరివైపు చూశారన్నది అందరికీ కనబడుతుంది. అలా కనబడేలా చూడటానికి ఆ రాత్రి అనుమతి ఉంది. కోలబోడి అనే వేడుకతో దండారి ముగుస్తుంది, దానితోపాటే ఆ అనుమతీ ముగుస్తుంది. పట్నం నుంచి కెమెరాలతో వచ్చేవాళ్లు ఇందులో స్వేచ్ఛా ప్రణయాన్ని చూసి మురిసిపోతుంటారు గానీ, ఇక్కడున్నది పక్కా నియమం. అదే గోండుల్లో, కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశపు కొత్త కోడళ్లను భేటింగ్ అనే పరిచయ వేడుకకు తెచ్చేటప్పుడు తెల్లచీర కట్టి, మొహం కప్పి నడిపిస్తారు. దండారిలో చూపులకు చోటు ఉంటే, ఇక్కడ చూపు మొత్తానికే మూత పడుతుంది.

ఆదిలాబాద్ నుంచి తూర్పుకు వెళితే బస్తర్‌లో మురియా గోండుల ఘోటుల్ ఉండేది. పెళ్లికాని పడుచులు రాత్రిళ్లు కలిసి గడిపే ఇల్లు. వెరియర్ ఎల్విన్ 1947లో దాని మీద పెద్ద గ్రంథమే రాశాడు. అబ్బాయిలు చెక్కతో దువ్వెనలు చెక్కి ఇవ్వడం, అమ్మాయిలు వాటిని జుట్టులో తురుముకోవడం అక్కడి రివాజు. ఇంతకంటే స్పష్టమైన సైగ ఇంకేముంటుంది? ఆదిలాబాద్ రాజ్ గోండుల్లో ఘోటుల్ లేదు. పక్కపక్కనే ఉన్న బంధుజాతుల్లో కూడా ఇష్టాన్ని చూపే పద్ధతి ఇంత వేరు.

బంజారా తండాల్లో తీజ్ చూడండి. శ్రావణంలో పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు. నానబెట్టిన శనగలను రేగుముళ్లకు గుచ్చే వేడుక ఒకటి ఉంది. బావ వరుస కుర్రాళ్లు ఆ కొమ్మను ఊపుతారు. ముల్లు గుచ్చుకున్నా పిల్ల చలించకుండా పని పూర్తిచేయాలి. అతను ఎంత ఊపుతాడో, ఆమె ఎంత నిబ్బరంగా ఉంటుందో చుట్టూ ఉన్నవాళ్లంతా గమనిస్తారు. ఆమె మొహంలో ఏ భావమూ లేకపోవడమే ఇక్కడ మెచ్చుకోలు పొందేది. అలాగే మోచేతిపైన గాజులు, చెంపల పక్కన వేలాడే వెండి నగలు ఆమెకు పెళ్లయిందో లేదో దూరం నుంచే చెప్పేవి. మన మట్టెలు, నల్లపూసలు చేసే పనీ అదే. ఒంటి భాష గురించి రాసే పుస్తకాలు ఈ వస్తువుల భాషను దాదాపు పట్టించుకోవు. మన దగ్గర మాత్రం ముందు చదివేది వాటినే.

పెళ్లిచూపుల గురించి ఎక్కువ చెప్పను. పిల్లను చూసిపోవడానికి వచ్చినవాళ్లు నడక చూస్తారు, గొంతు వింటారు, చాయ్ కప్పు పట్టుకున్న చెయ్యి వణికిందా అని గమనిస్తారు. ఆమె తల దించుకుంటే అణకువ అంటారు, ఎత్తితే చొరవ అంటారు. భయమో, అయిష్టమో, నిన్నటి జ్వరమో అయి ఉండవచ్చన్నది లెక్కలోకి రాదు. భరతుడి పాఠం అక్కడ ఎవరికీ గుర్తుండదు.

ఇక ప్రయోగశాలల సంగతి. డార్విన్ 1872లో భావవ్యక్తీకరణ మీద రాసిన పుస్తకంలో సిగ్గుతో మొహం ఎరుపెక్కడానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. నల్లటి చాయ ఉన్నవాళ్లకూ సిగ్గుతో నెత్తురు మొహానికి పొంగుతుందా అని దేశదేశాల నుంచి ఉత్తరాలు తెప్పించుకున్నాడు. పొంగుతుంది, కాకపోతే చూసేవాళ్లకు కనబడకపోవచ్చు. ఎండకు మాగిన మొహాల నేలమీద బుగ్గలు ఎరుపెక్కడం ఎక్కువగా కావ్యాల్లోనే కనిపించడానికి ఇదొక కారణం. హైమన్‌డార్ఫ్ లాగే వియన్నాలో పుట్టిన ప్రవర్తనా శాస్త్రజ్ఞుడు ఐబుల్-ఐబెస్‌ఫెల్ట్, పక్కకు చూసే అద్దం బిగించిన కెమెరాతో ప్రపంచమంతా తిరిగి మనుషులకు తెలియకుండా చిత్రీకరించాడు. చిన్న నవ్వు, కనుబొమల ఎగురవేత, వెంటనే చూపు తిప్పుకోవడం అన్న వరస చాలా జాతుల్లో ఒకేలా కనిపించిందన్నాడు. మనిషి ఒంటికి కొంత ఉమ్మడి పునాది ఉందనడానికి ఇది సాక్ష్యమే. ఆ పునాది మీద ఎవరేం కట్టుకున్నారన్నదానికి దగ్గర్లోనే తీజ్ ఉంది, దండారి ఉంది.

మోనికా మూర్ 1985లో అచ్చువేసిన పరిశోధన తర్వాతి జాబితాలన్నిటికీ తల్లి. అమెరికాలో పడుచువాళ్లు కలుసుకునే బార్లలో 200 మందికి పైగా స్త్రీలను గమనించి, 52 రకాల సైగల పట్టిక తయారుచేసింది. ఎక్కువ సైగలు చేసినవాళ్ల దగ్గరికే మగవాళ్లు ఎక్కువగా వచ్చారు. అంటే మొదటి అడుగు మగవాడు వేసినట్టు కనిపించినా, దారి చూపింది ఆమె. ఈ ముక్కను అందరూ ఎత్తుకున్నారు. కానీ మూర్ లైబ్రరీలోనూ, స్త్రీల సమావేశంలోనూ కూడా లెక్కపెట్టింది. అక్కడ ఆ సైగలు బాగా తక్కువ. ఆ పట్టిక బార్‌లో తయారైంది. ఆ 52 సైగలను ఉట్నూర్ బస్సులో వెతికేవాడు చోటు మారిందన్న సంగతే మరిచిపోయాడు.

బస్సు అన్నాం కాబట్టి ఒక మాట. ఎడ్వర్డ్ హాల్ 1966లో మనుషుల మధ్య దూరాలను కొలిచి, 18 అంగుళాల లోపు దూరం ఆత్మీయులకే అన్నాడు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఛార్జీ లేని ఆర్టీసీ బస్సులో ఆ దూరం ఎవరికి మిగిలింది? దగ్గరితనం తప్పనప్పుడు మనుషులు చూపు తగ్గించుకుని దాన్ని సరిచేసుకుంటారని 1965లోనే ఆర్గైల్, డీన్ రాశారు. కిటికీ బయటికి చూస్తూ నిలబడ్డ అమ్మాయి గర్వం చూపడం లేదు, తనకు దొరకని జాగాను కళ్లతో సంపాదించుకుంటోంది.

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తప్పక వినబడే ఒక లెక్క ఉంది: సంభాషణలో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, మొహానిది 55 అని. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాల్లోంచి వచ్చిన అంకెలవి. ఒక్కో మాట పలికి, ఇష్టాయిష్టాలు తెలుసుకోవడం గురించి చేసిన ప్రయోగాలు. అన్ని సంభాషణలకూ ఇది వర్తించదని ఆయనే చెప్పాడు. అయినా ఆ అంకె ఆగలేదు.

ఇంతకూ ఏ గుర్తు నిలబడింది? మొంటోయా, ఆయన సహచరులు 2018లో 54 పరిశోధనలను కలిపి లెక్కవేశారు. ఇష్టంతో ముడిపడినవిగా తేలినవి కొన్నే: కళ్లలోకి చూడటం, నవ్వడం, దగ్గరికి జరగడం, తనంతట తాను మాట కలపడం, ఎదుటివారిని తెలియకుండానే అనుకరించడం. జుట్టు ఎగరేయడం, కనుబొమలు లేపడం, తల వంచడం, బట్టలు సర్దుకోవడం, చేతులు తిప్పడం ఇష్టానికి గుర్తులని తేలలేదు. వీడియోలకు ఆయువుపట్టు అయిన జుట్టు సవరింపే జాబితాలోంచి రాలిపోయింది. మన సినిమాల్లో సిగ్గుకు ఆనవాళ్లయిన జడ తిప్పుకోవడం, కొంగు వేలికి చుట్టుకోవడం, బొటనవేలితో నేల రాయడం లాంటివాటిని కూడా ఇష్టానికి రుజువులుగా తీసుకోవడానికి నాకు ధైర్యం చాలదు.

నెదర్లాండ్స్‌లో ఎలిష్కా ప్రోహాజ్‌కోవా బృందం 2021లో ప్రచురించిన పరిశోధన ఇంకాస్త లోపలికి వెళ్లింది. తొలిసారి కలిసిన జంటలకు పరికరాలు తగిలించి చూస్తే, బయటికి కనిపించే నవ్వులూ చూపులూ ఒకదానికొకటి తోడవడం ఆకర్షణను పట్టివ్వలేదు. ఇద్దరి గుండె వేగమూ చర్మపు తడీ కలిసి ఎక్కి కలిసి దిగినప్పుడే పట్టిచ్చింది. సాత్త్వికాలను నమ్మిన భరతుడికి ఇది నచ్చేది. బయటి మనిషికి మాత్రం ఎందుకూ పనికిరాదు, ఎదుటివారి గుండె మీద పరికరం పెట్టి చూడలేం కదా.

చదివేవాళ్ల సామర్థ్యం సంగతీ అంతంతమాత్రమే. 1982లో ఆంటోనియా ఆబీ చేసిన ప్రయోగంలో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఐదు నిమిషాలు మాట్లాడుకున్నారు, చాటు నుంచి మరో జంట చూసింది. స్త్రీ చూపిన మామూలు స్నేహంలో మగవాళ్లు ఆడవాళ్లకంటే ఎక్కువగా కోరికను చూశారు. అవకాశం పోగొట్టుకోవడం కంటే పొరబడటమే నయమని మగవాడి మనసు అలా తయారైందని హేసెల్టన్, బస్ 2000లో వాదించారు. ఈ వాదాన్ని కొందరు మగవాళ్లు సాకుగా వాడుకుంటారు. అలవాటుకు కారణం చెప్పినంత మాత్రాన అది సమర్థన కాదు. జెఫ్రీ హాల్ బృందం 2015లో తేల్చింది మరీ ఆసక్తికరం. ఎదుటివారు నిజంగా సరసమాడినప్పుడు పసిగట్టగలిగింది మగవాళ్లలో 36 శాతం, ఆడవాళ్లలో 18 శాతం. ఆడనప్పుడు ఆడలేదని గుర్తించింది 80 శాతం పైనే. మామూలు మాటల్లో సరసం అరుదు కాబట్టి లేదు అనుకుంటే తరచూ సరైపోతుందన్నది దీనికి ఒక కారణం. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య విద్యార్థుల మీదే జరిగాయన్నది మరవకూడదు. తీజ్ లోనో, పెళ్లి పందిట్లోనో ఎవరూ ఇలా కొలిచి చూడలేదు.

పాత రంగస్థలాలు పోయాయి, లేదా నెలకో ఏడాదికో ఒకసారి వస్తాయి. బాసర ట్రిపుల్ ఐటీలో, కరీంనగర్ కోచింగ్ సెంటర్లలో, మంచిర్యాల రైల్వే స్టేషన్లో పక్కపక్కన నిలబడే వాళ్ల మధ్య వరుస లేదు, దాన్ని చూసే పెద్దలూ లేరు. ఇది మంచికే. కానీ ఆ ఖాళీలోకి సినిమా వచ్చి కూర్చుంది. కథానాయకుడు వెంటపడటం, ఆమె చిరాకుపడటం, చివరికి కరగడం దశాబ్దాలుగా చూస్తున్నదే. 2017లో వచ్చిన అర్జున్ రెడ్డిలో హీరో నేరుగా తరగతి గదిలోకి వెళ్లి ఆమె తనదని చాటుతాడు. ఆమె మౌనంగా ఉంటుంది, ఆ మౌనాన్ని కథ ఒప్పుకోలుగా రాసేసుకుంటుంది. మౌనం అర్ధాంగీకారం అన్న మాట ఆడపిల్ల తరఫున తల్లీ మేనత్తా మాట్లాడగలిగిన ఇంట్లో పుట్టింది. అక్కడ కూడా అది ఎన్నోసార్లు అన్యాయమే చేసింది. ఒంటరిగా బస్సు కోసం నిలబడ్డ అమ్మాయికి దాన్ని వర్తింపజేయడం దౌర్జన్యం.

గుర్తులు పనికిరావని నేను అనడం లేదు. కళ్లు కలవడం, నవ్వు, దగ్గరికి జరగడం మాట కలపడానికి చాలు. చలివేంద్రం దగ్గరి పిల్లలా ఎదుటివారు ధార సన్నం చేస్తే మాట సాగుతుంది. అంతకుమించి తెలుసుకోవాలంటే నోరు తెరిచి అడగాలి, కాదంటే అక్కడితో ఆగాలి.

ఆపై చట్టం ఉంది. వెంటపడటాన్ని 2013లో ఐపీసీ 354-డి కింద నేరం చేశారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. ఆసక్తి లేదని స్త్రీ స్పష్టంగా సూచించాక కూడా పదే పదే వెంబడించడం, పలకరించబోవడం నేరమని ఆ సెక్షన్ చెబుతుంది. ఆమె నోటితో కాదనాలని అది అడగలేదు, సూచిస్తే చాలంది. మొహం తిప్పుకోవడం, సీటు మారడం, ఫోను ఎత్తకపోవడం ఎలాంటి సూచనలో పరిశోధనల సాయం లేకుండానే అందరికీ తెలుసు. మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు జైలు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు.